టయోటా 86కి తక్కువ ధరలో మంచి టైర్లు ఏవి? (215/45 ఆర్17, డల్లాస్)

ఫ్రిస్కో_86
అందరికీ నమస్తే. నాది 2017 టయోటా 86, మాన్యువల్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. వెనక టైర్లు రెండూ దాదాపు అయిపోయాయి, ముందువి ఇంకొన్నాళ్లు వస్తాయేమో. సైజు 215/45 ఆర్17, 87డబ్ల్యూ. ఇప్పుడున్నవి నేనెప్పుడూ పేరు వినని బ్రాండ్, పాత ఓనర్ వేయించినవి. పొడి రోడ్డు మీద పర్వాలేదు కానీ వాన పడిందంటే టెన్షన్. మొన్న చినుకుల్లో జార్జ్ బుష్ టర్న్‌పైక్ ర్యాంప్ ఎక్కుతూ రెండో గేర్‌లో మామూలుగా తొక్కితేనే వెనక భాగం పక్కకి జారింది, ట్రాక్షన్ కంట్రోల్ లైటు మిణుకుమంది, గుండె గొంతులోకి వచ్చింది.

బడ్జెట్ ట్యాక్స్, ఫిట్టింగ్ అన్నీ కలిపి 700 డాలర్లు. వాడకం అంటే ఫ్రిస్కో నుంచి ప్లానో ఆఫీసుకి, అప్పుడప్పుడు హిల్ కంట్రీ వైపు. రేస్ ట్రాక్ ఆలోచన ఇప్పటికి లేదు. సమ్మర్ టైర్లా, ఆల్ సీజనా? రెండే మారిస్తే చాలా, నాలుగూ మార్చాలా? వాడిన టైర్లు సగం ధరకి దొరుకుతున్నాయి, వాటిని అసలు పట్టించుకోవచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఇర్వింగ్_శీను
తమ్ముడూ, బ్రాండ్ల సంగతికి ముందు రెండు విషయాలు చూసి చెప్పు. ఒకటి, ప్రతి టైరు లోపలి అంచు, మధ్య, బయటి అంచు మూడు చోట్లా ట్రెడ్ (రోడ్డుని తాకే భాగం) గాడి లోతు ఎంతుంది. గేజ్ లేకపోతే క్వార్టర్ నాణెం తలకిందులుగా గాడిలో పెట్టు, వాషింగ్టన్ తల పైభాగం మొత్తం కనిపిస్తే 4/32 అంగుళాల కన్నా తక్కువ ఉన్నట్టు, అంటే వానలో జాగ్రత్త. పెన్నీ పెడితే లింకన్ తల మొత్తం కనిపిస్తే 2/32 కన్నా తక్కువ, అక్కడితో చట్టప్రకారం కూడా ఆ టైరు పని అయిపోయింది.

రెండు, సైడ్‌వాల్ (టైరు పక్క భాగం) మీద డాట్ అని ఉండే వరుసలో చివరి నాలుగు అంకెలు. 3522 అంటే 2022లో 35వ వారంలో తయారైందని. టెక్సస్‌లో 2025 జనవరి నుంచి మామూలు కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు, మన కౌంటీల్లో పొగ పరీక్ష ఒక్కటే మిగిలింది. ఇదివరకు ఏడాదికోసారి ఎవరో ఒకరు టైర్లు చూసేవాళ్లు, ఇప్పుడు మనం చూసుకోకపోతే చూసేవాడు లేడు.

ఫ్రిస్కో_86
థాంక్స్ అన్నా. ఇప్పుడే కిందికెళ్లి చూశా. వెనక రెండూ లోపలి అంచున 2/32 కూడా లేవు, బయటి అంచున 4/32 ఉన్నాయి. ముందువి అంతటా 5/32. డాట్ నంబరు నాలుగింటికీ 1519.

గ్యారేజ్_గోపాలం
లోపల 2, బయట 4 అంటే అది టైరు తప్పు కాదు, అలైన్‌మెంట్ (చక్రాల కోణాల అమరిక). టైర్ల షాపులో చాలాకాలం పనిచేసినవాడిగా చెప్తున్నా, జనం మంచి టైర్లు కొని అలైన్‌మెంట్ దగ్గర వంద డాలర్లు మిగుల్చుకుంటారు, ఏడాది తిరక్కుండా మళ్లీ అదే లోపలి అంచు పోతుంది. పాత ఓనర్ స్ప్రింగులు మార్చి బండి కిందికి దించాడేమో చూడండి, దించితే వెనక క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వంగడం) పెరుగుతుంది, దానికి టో (చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగి ఉండటం) కూడా తేడా తోడైతే లోపలి అంచు చెక్కేసినట్టు పోతుంది. క్యాంబర్ ఒక్కటే టైరుని అంత త్వరగా తినదు, తినేది టో. రెండు అంచులూ అరిగి మధ్య బాగుంటే గాలి తక్కువ, మధ్యలో మాత్రమే అరిగితే గాలి ఎక్కువ. మీది ఈ రెండూ కాదు.

కొత్త టైర్లు వేసిన రోజే అలైన్‌మెంట్ చేయించి, ముందు ఎంత, తర్వాత ఎంత అని కాగితం మీద ప్రింట్ అడిగి తీసుకోండి. ప్రింట్ ఇవ్వని చోట చేయించొద్దు. 700లో ఇది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

కేటీ_కుర్రాడు
హ్యూస్టన్ దగ్గర కేటీ నుంచి. మరో వైపు మాట కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా అని రాస్తున్నా. ఆఫీసుకి వెళ్లొచ్చే బండికి అంత ఖర్చు ఎందుకు? ఒక్కోటి 80, 85 డాలర్లకి ట్రెడ్‌వేర్ (టైరు మీద ముద్రించే అరుగుదల అంకె) 500 ఉన్న టైర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. నా మస్టాంగ్‌కి అలాంటివే ఉన్నాయి, హైవే మీద 75లో ఏ ఇబ్బందీ లేదు. 500 అంటే పేరున్న బ్రాండ్లలో కనిపించే 340 కన్నా ఎక్కువ కాలం వస్తుంది, ధర సగం. మిగిలిన డబ్బుతో ఇన్సూరెన్స్ కట్టుకోవచ్చు.

లోన్‌స్టార్_లత
కేటీ గారూ, ఆ 500 అనే అంకె ఎక్కడి నుంచి వస్తుందో చెప్తాను, ఎందుకంటే చాలామంది దీన్ని చూసే కొంటున్నారు. ఆ పరీక్ష మన టెక్సస్‌లోనే జరుగుతుంది, శాన్ ఏంజెలో చుట్టూ 400 మైళ్ల రూట్ మీద. పరీక్ష టైర్లు వేసిన బండ్లని, ప్రామాణిక టైర్లు వేసిన బండిని వరుసగా 7,200 మైళ్లు నడిపి అరుగుదల పోలుస్తారు. అయితే ఆ కొలతలు చూసి టైరు మీద ఏ అంకె ముద్రించాలో తేల్చేది తయారీదారే, ప్రభుత్వం కాదు. ఒకే కంపెనీ టైర్ల మధ్య పోలికకి అది పనికొస్తుంది. ఎవరికీ తెలియని కంపెనీ 500కీ, కాంటినెంటల్ 340కీ మధ్య పోలిక పెడితే అర్థం ఉండదు.

పక్కనే ఉండే ఏఏ, ఏ, బీ అక్షరాలు తడి రోడ్డు మీద తిన్నగా బ్రేక్ వేసినప్పటి పట్టుకి మాత్రమే. మలుపులో పట్టు, నీళ్ల మీద తేలిపోవడం, ఇవేవీ అందులో లేవు. ర్యాంప్ మీద వెనక జారింది అని అడిగిన మనిషికి కావలసిన సమాధానం ఆ అక్షరాల్లో దొరకదు.

ఇక డబ్బు లెక్క. 85 డాలర్ల టైరు 20,000 మైళ్లు, 145 డాలర్లది 30,000 మైళ్లు వస్తుందనుకుందాం. ఇవి ఊహ అంకెలే, మీ అంకెలు పెట్టుకుని చూడండి. ఫిట్టింగ్, బ్యాలెన్సింగ్ సెట్‌కి 120 వేసుకుంటే మొదటిది 460, రెండోది 700. మైలుకి మొదటిది 2.3 సెంట్లు, రెండోది 2.33 సెంట్లు. తేడా ఏదీ? ఫిట్టింగ్ ఖర్చు ప్రతిసారీ పడుతుంది కాబట్టి త్వరగా అరిగే చౌక టైరు చౌక కాకుండా పోతుంది.

కేటీ_కుర్రాడు
లత గారూ, మైలు లెక్క ఒప్పుకుంటున్నా, ఫిట్టింగ్ కలిపి ఎప్పుడూ చూడలేదు. కానీ చేతిలో ఒకేసారి 700 లేనివాళ్లు కూడా ఉంటారు, వాళ్లకి 340 డాలర్ల సెట్ అరిగిపోయిన టైర్ల కన్నా నయమే కదా. బోడి టైర్ల మీద తిరగమని చెప్పలేం.

లోన్‌స్టార్_లత
ఆ మాట నిజం. 2/32తో వానలో తిరగడం కన్నా ఏ కొత్త టైరైనా నయం. ఇక్కడ అడిగినాయనకి 700 ఉంది కాబట్టి ఆ లెక్కలో చెప్పాను.

ఆస్టిన్_గోదారోడు
బ్రదర్, నాది కూడా ఇదే బండి, సుబారు బ్యాడ్జ్ ఉన్న కవల, బీఆర్‌జెడ్. ఒక విషయం గుర్తుపెట్టుకోండి: ఈ బండికి కంపెనీ నుంచి వచ్చిందే మిషెలిన్ ప్రైమసీ హెచ్‌పీ. రోడ్డుకి అతుక్కుపోయే రకం కాదది. బండి తక్కువ వేగంలోనే సరదాగా కదలాలని కావాలనే అలా ఇచ్చారు. 205 హార్స్‌పవర్, సుమారు 1,250 కిలోల బరువు, అంతే. దీనికి టాప్ రకం టైరు అక్కర్లేదు. మధ్య ధరలో ఉన్న మంచి పర్ఫార్మెన్స్ టైరు వేసినా కంపెనీ టైరు కన్నా మెరుగ్గా ఉంటుంది. కోర్వెట్ లాంటి ఎక్కువ పవర్ బండ్ల వాళ్లు రాసిన రివ్యూలు చదివి భయపడి ఎక్కువ ఖర్చు పెట్టొద్దు.

సమ్మరా, ఆల్ సీజనా అన్నది ఇంకో బండి ఉందా లేదా అన్న దాని మీద తేలుతుంది. సమ్మర్ టైరు రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి వచ్చేసరికి గట్టిపడటం మొదలవుతుంది, గడ్డకట్టే చలిలో నడిపితే ట్రెడ్ పగుళ్లు రావచ్చని కంపెనీలే హెచ్చరిస్తాయి. డల్లాస్‌లో అలాంటి రోజులు కొన్నే, కానీ 2021 ఫిబ్రవరి మంచు తుపాను ఎవరం మర్చిపోలేదు. ఆ రోజుల్లో ఇంట్లో ఉండగలిగితే, లేదా ఇంట్లో క్యామ్రీ లాంటిది ఒకటి ఉంటే సమ్మర్ టైర్లే తీసుకోండి. మిగతా ఏడాదంతా, ముఖ్యంగా ఏప్రిల్, మే ఉరుముల వానల్లో వెచ్చని తడి రోడ్డు మీద మంచి సమ్మర్ టైరు ఇచ్చే పట్టు వేరు. పేరు చూసి సమ్మర్ టైరు వానకి పనికిరాదనుకుంటారు కొందరు, అది తప్పు.

ఈ బడ్జెట్‌కి నేను చూసేవి: సమ్మర్‌లో ఫైర్‌స్టోన్ ఫైర్‌హాక్ ఇండీ 500. ఇంకొంచెం పెట్టగలిగితే కాంటినెంటల్ ఎక్స్‌ట్రీమ్‌కాంటాక్ట్ స్పోర్ట్ 02, దీనికి 30,000 మైళ్ల వారంటీ కూడా ఉంది, సమ్మర్ టైరుకి అది మంచి విషయం. ఒకే బండి ఉన్నవాళ్లకి కాంటినెంటల్ డీడబ్ల్యూఎస్06 ప్లస్, 50,000 మైళ్ల వారంటీ. దాని ట్రెడ్ మీద డీ, డబ్ల్యూ, ఎస్ అక్షరాలు ఉంటాయి, ఎస్ అరిగిపోతే మంచు మీద పనికి సరిపోదని, డబ్ల్యూ పోతే తడి మీద జాగ్రత్త అని. ఏ గేజూ లేకుండా రోజూ కంటికి కనిపించే గుర్తు, నాకు చాలా నచ్చింది. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ ఆల్ సీజన్ 4 కూడా గొప్ప టైరే, ధరే ఈ బడ్జెట్ దాటిపోతుంది.

సూళ్లూరుపేట_సుబ్బు
చౌకగా కావాలంటే పెద్ద కంపెనీల చిన్న బ్రాండ్లు చూడండి అన్నా. ఫైర్‌స్టోన్ 1988 నుంచి బ్రిడ్జ్‌స్టోన్‌ది, జనరల్ టైర్ 1987 నుంచి కాంటినెంటల్‌ది, బీఎఫ్ గుడ్రిచ్ మిషెలిన్ చేతిలో ఉంది. పెద్ద బ్రాండ్ తాజా రబ్బరు వీటిలో ఉండకపోవచ్చు కానీ పరీక్షలు చేసే ఇంజనీర్లు, వారంటీ ఇచ్చే కంపెనీ వెనక ఉంటాయి. పేరు వినని బ్రాండ్‌లో లేనిది అదే.

ఇంకొకటి, మన అపోలో టైర్స్ 2009లో నెదర్లాండ్స్ వాళ్ల వ్రెడెస్టైన్‌ని కొనేసింది. అమెరికాలో హైపర్‌ట్రాక్ ఆల్ సీజన్ అని అమ్ముతున్నారు, మీ సైజులో ఉందేమో చూడండి. అపోలో ఫ్యాక్టరీ మా ఊరికి దగ్గర్లోనే, సత్యవేడు వైపు చినపాండూరులో 2020లో మొదలైంది. మా వాళ్ల పిల్లలు కొందరు అక్కడే పనిచేస్తున్నారు, అందుకని ఆ పేరు కనిపిస్తే ఆగి చూస్తా.

ఫ్రిస్కో_86
ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. ఇంట్లో మా ఆవిడ ఆర్‌ఏవీ4 ఉంది, మంచు రోజుల్లో దాన్ని తీస్తాం. కాబట్టి సమ్మర్ వైపే మొగ్గు. రెండు డౌట్లు. 225/45 ఆర్17 అయితే ఎక్కువ రకాలు దొరుకుతున్నాయి, కొన్ని చౌకగా కూడా ఉన్నాయి, అది పడుతుందా? రెండోది, ముందువి 5/32 ఉన్నాయి కదా, వెనక రెండే మార్చి ఆపొచ్చా?

లోన్‌స్టార్_లత
225/45 మీ 7 అంగుళాల రిమ్ మీద పడుతుంది, అది దాని కనీస వెడల్పు. చుట్టు లెక్క: 215/45 ఆర్17 వ్యాసం 625 మిల్లీమీటర్లు, 225/45ది 634. దాదాపు 1.4 శాతం పెద్దది. స్పీడోమీటర్ 60 చూపిస్తే అసలు 60.9లో వెళ్తుంటారు, అంత తేడా ఏమీ కాదు. గేర్ కొద్దిగా పొడుగవుతుంది, అంటే పికప్ కాస్త తగ్గుతుంది, 156 పౌండ్-ఫీట్ టార్క్ ఉన్న బండికి అది కొంచెం తెలుస్తుంది. కొన్ని షాపులు కంపెనీ సైజు తప్ప వేయవు, ముందే ఫోన్ చేసి అడగండి. టైరుకి పది, పదిహేను డాలర్లు మిగిలితే తప్ప నేనైతే కంపెనీ సైజులోనే ఉంటా. సైజు ఏదైనా స్పీడ్ రేటింగ్ మాత్రం దించొద్దు. సైజు చివర ఉండే డబ్ల్యూ అంటే గంటకి 270 కిలోమీటర్లు, మీరు అంత వేగం వెళ్లరు, కానీ ఆ రేటింగ్‌తో పాటే వేడిని తట్టుకునే నిర్మాణం వస్తుంది. జులైలో సెంట్రల్ ఎక్స్‌ప్రెస్‌వే కాంక్రీటు ఎంత కాలిపోతుంటుందో చూస్తూనే ఉన్నాం కదా.

గ్యారేజ్_గోపాలం
రెండు టైర్ల ప్రశ్నకి నేను చెప్తా. రెండే వేయాల్సి వస్తే కొత్తవి ఎప్పుడూ వెనకే, ముందు చక్రాలతో నడిచే బండికైనా సరే. వెనక పట్టు పోతే మామూలు డ్రైవర్ సరిచేయలేడు, ముందు పట్టు పోతే బండి తిన్నగా పోతుంది, కాలు తీస్తే కుదురుకుంటుంది. వెనక రెండూ ఒకే రకం, ఒకే అరుగుదల ఉండాలి, మీ బండికి టోర్సెన్ లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (వెనక రెండు చక్రాలకీ శక్తిని పంచే భాగం) ఉంది, ఎడమా కుడీ వేరే వ్యాసాలైతే అది ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది.

అయితే మీ విషయంలో వెనక మంచి సమ్మర్ టైరు, ముందు 2019 నాటి పేరులేని టైరు అంటే వానలో ముందు భాగం తిరగదు. నాలుగూ మార్చండి. నాలుగూ ఒకే సైజు కాబట్టి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చుకుంటూ నాలుగింటినీ సమంగా అరగదీయొచ్చు, ముందొక సైజు, వెనకొక సైజు ఉండే బండ్లకి ఈ సౌకర్యం లేదు. డబ్బు ఆదా అంటే నాకు తెలిసింది ఇదే. ఇలా మార్చే రొటేషన్ బిల్లులు దాచండి, వారంటీ క్లెయిమ్‌కి అడుగుతారు. వారంటీలో కూడా డబ్బు మొత్తం వెనక్కి రాదు, మిగిలిన మైళ్ల లెక్కన కొత్త టైరు మీద తగ్గింపు ఇస్తారు.

కొండాపూర్_టర్బో
హైదరాబాద్ నుంచి చదువుతున్నా, మీకున్నన్ని రకాలు చూస్తుంటే ఆశగా ఉంది. మా దగ్గర స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ 245 ఉంది, ఇండియాకి 200 బండ్లే వచ్చిన రకం, 18 అంగుళాల చక్రాలు. 2020 జూన్‌లో టైర్ల దిగుమతిని రిస్ట్రిక్టెడ్ లిస్టులో (లైసెన్స్ ఉంటేనే దిగుమతి) పెట్టినప్పటి నుంచి ఇలాంటి సైజుల్లో బయటి టైర్లు దొరకడం గగనమైంది. ఐఎస్ఐ గుర్తు లేనిది అమ్మకూడదు. దొరికినా తయారైన తేదీ పాతది అంటగడతారు, అందుకే డబ్బు కట్టే ముందే డాట్ నంబరు ఫొటో వాట్సాప్‌లో పంపమని అడుగుతా. 2025 సెప్టెంబరులో జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గడం ఒక్కటే ఊరట. పాత స్టాకుకి పాత రేటు చెప్పే దుకాణాలు కూడా ఉన్నాయి, బిల్లు మీద పన్ను శాతం చూసుకోండి ఇక్కడివాళ్లు.

స్టుట్‌గార్ట్_రాయుడు
యూరప్‌లో ఉన్నవాళ్ల కోసం ఒక ముక్క. ఇక్కడ ప్రతి టైరు మీద లేబుల్ ఉంటుంది, తడి పట్టుకి ఏ నుంచి ఈ దాకా గ్రేడ్. చౌక టైర్లలో తడి గ్రేడ్ బీ కన్నా కిందకి పోవద్దని నా నియమం. జర్మనీలో చలికాలానికి కొండ, మంచుపువ్వు గుర్తు ఉన్నవే చెల్లుతాయి, 2024 అక్టోబరు నుంచి ఉత్త ఎం ప్లస్ ఎస్ (మడ్ అండ్ స్నో) ముద్ర చాలదు. సెకండ్ హ్యాండ్ పోర్షే బాక్స్‌స్టర్ కొనేవాళ్లు బేరంలో ఆ చలికాలం సెట్ టైర్లు కూడా అడిగి తీసుకోండి.

ఇర్వింగ్_శీను
వాడిన టైర్ల గురించి అడిగావు కదా తమ్ముడూ, ఎవరూ చెప్పలేదు. వద్దు. పంక్చర్ రిపేర్ ట్రెడ్ మధ్యభాగంలో, పావు అంగుళం లోపు రంధ్రానికి మాత్రమే సరైనది. ఆ టైరుకి భుజం (ట్రెడ్, సైడ్‌వాల్ కలిసే అంచు) దగ్గర ప్లగ్ కొట్టారా, గాలి లేకుండా కొంత దూరం నడిపారా అన్నది బయటి నుంచి తెలియదు, లోపల సైడ్‌వాల్ నలిగిపోయి ఉంటుంది. ఒకే ఒక్క టైరు పాడై, అదే మోడల్ అంతే అరిగినది కావాలనుకున్నప్పుడు, రిమ్ నుంచి విప్పి లోపల చూపిస్తే తీసుకోవచ్చు. సెట్ మొత్తం అలా కొనడం ఈ బండికి సరికాదు.

ధర తగ్గించుకునే దారులు వేరే ఉన్నాయి. ఆన్‌లైన్‌లో టైర్లు అమ్మే టైర్ రాక్‌ని 2021లో డిస్కౌంట్ టైర్ అనే షాపుల కంపెనీ కొనేసింది, ఆన్‌లైన్‌లో కనిపించిన రేటు చూపించి షాపులో అడుగు. మెమోరియల్ డే, లేబర్ డే, థాంక్స్‌గివింగ్ చుట్టూ కంపెనీల రిబేట్లు వస్తాయి, నీ వెనక టైర్లు ఆగవు కానీ ముందో వారం వెనకో వారం అయితే చూసుకో. కాస్ట్‌కో సభ్యత్వం ఉంటే అక్కడి ఫిట్టింగ్ ధరలో తర్వాతి రొటేషన్, బ్యాలెన్సింగ్ కలిసే ఉంటాయి, కాకపోతే బ్రాండ్లు తక్కువ. కొటేషన్ ఎప్పుడూ అన్ని ఖర్చులూ కలిపి మొత్తం ఎంత అని అడుగు. టైరు ధర ఒకటి చెప్పి వాల్వ్, పాత టైరు పారేయడం, రోడ్ హజార్డ్ (గుంతలు, మేకుల నష్టానికి ప్లాన్) అని చివర్లో పెంచుతారు.

గ్యారేజ్_గోపాలం
శీను గారి మాటకి చేర్పు. 2017 బండి కాబట్టి గాలి సెన్సర్ల బ్యాటరీలు అయిపోయే వయసు, పదేళ్ల చుట్టూ పోతాయి. టైరు విప్పినప్పుడే మార్పించుకుంటే మళ్లీ లేబర్ పడదు. ఇప్పటికిప్పుడు డబ్బు లేకపోతే సెన్సర్ అలాగే ఉంచి వాల్వ్ రబ్బరు కిట్ అయినా మార్పించండి, అది కొన్ని డాలర్లే.

ఫ్రిస్కో_86
అప్‌డేట్. మూడు చోట్ల అడిగా. ఫైర్‌హాక్ ఇండీ 500, కంపెనీ సైజులోనే, ఒక్కోటి 139 చెప్పారు. నాలుగు 556, ట్యాక్స్ 8.25 శాతం 46, ఫిట్టింగ్ 100, మొత్తం 702. రిబేట్ 60 కార్డు రూపంలో తర్వాత వస్తుంది. అలైన్‌మెంట్ వేరే చోట 110, ప్రింట్ ఇస్తామన్నారు. అంటే నికరంగా 752, బడ్జెట్ 50 దాటింది. కాంటినెంటల్ స్పోర్ట్ 02 అయితే ఇంకో 150 పైన అవుతోంది, ఇప్పటికి వద్దనుకున్నా. సెన్సర్లు అన్నీ పనిచేస్తున్నాయని చెప్పారు, వాల్వ్ కిట్ మాత్రం వేయిస్తున్నా. శనివారం అపాయింట్‌మెంట్. ఇంకేమైనా అడగాలా అక్కడ?

కేటీ_కుర్రాడు
మంచి పని చేశావు బ్రో. వేసేముందు డాట్ నంబర్లు నాలుగూ చూపించమను, పాత స్టాక్ అయితే అప్పుడే మార్పించుకోవచ్చు. నా మస్టాంగ్‌కి కూడా ఈసారి లత గారి లెక్కలో పెట్టి చూస్తా.

ఆస్టిన్_గోదారోడు
నట్లు ఇంపాక్ట్ గన్‌తో బిగించేసి వదిలేయనీయకండి, టార్క్ రెంచ్‌తో 89 పౌండ్-ఫీట్, ఈ బండికి అదే లెక్క. 50, 100 మైళ్లు తిరిగాక మళ్లీ ఒకసారి సరిచూసుకోండి. గాలి తలుపు పక్క స్టిక్కర్ ప్రకారమే పెట్టించండి, టైరు మీద రాసి ఉండేది గరిష్ఠ పరిమితి, అది పెట్టాల్సిన గాలి కాదు. పొద్దున్నే బండి తీయకముందు చల్లగా ఉన్నప్పుడు కొలవండి. కొత్త టైరు పైన అచ్చు నుంచి వచ్చిన నునుపు పొర ఉంటుంది, మొదటి 500 మైళ్లు, ముఖ్యంగా వాన పడితే, ఆ ర్యాంప్ దగ్గర రెండో గేర్‌లో కాకుండా మూడో గేర్‌లో మెల్లగా ఎక్కండి.

ఫ్రిస్కో_86
రాసుకున్నా అన్నా. శనివారం వేయించాక అలైన్‌మెంట్ ప్రింట్ ఇక్కడ పెడతా, గోపాలం గారు ఒకసారి చూసి టో సరిగ్గా ఉందో లేదో చెప్పాలి.

గ్యారేజ్_గోపాలం
పెట్టండి, చూస్తా. వెనక టో ఎడమా కుడీ రెండూ విడివిడిగా కనిపించేలా ఫొటో తీయండి.